కొండకు ఎడమా కుడీ లేవు

మా బంగారు తల్లికి,

అమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, ఆయన కుట్టు మిషనూ క్షేమం. ముగ్గురిలో ఎక్కువ చప్పుడు చేసేది ఎవరో నీకు తెలుసు. అక్కడ నువ్వూ, అల్లుడు గారూ, ఇంకా మొహం చూపించని మా మనవడో మనవరాలో కూడా క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అల్లుడు గారు నవ్వుతారు. నవ్వనీ. ఫోనులో నేను ఒక మాట మొదలుపెట్టేలోపు నువ్వు నాలుగు సలహాలు చెప్పేస్తావు. ఉత్తరంలో అయితే నాది పూర్తయ్యేదాకా వినక తప్పదు. ఇవాళ నాకు ఆ సౌకర్యం కావాలి.

ముందు నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. కాళ్ళ వాపు సాయంత్రం పూట ఉండి పొద్దునకు తగ్గితే భయం లేదు. పొద్దున లేచాక కూడా చెప్పులు పట్టకపోయినా, మొహమో చేతులో ఉబ్బినట్టు కనిపించినా ఆలోచించకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. ఆఫీసులో కుర్చీ ముందు చిన్న పీట వేసుకుని కాళ్ళు దానిమీద పెట్టుకో, ఎవరేమనుకుంటారో అని చూడకు. సెలవు ఎప్పటినుంచి పెట్టాలని అడిగావు. కూర్చున్న చోటు నుంచి లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చిన రోజున పెట్టెయ్. పేరు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. మీ నాన్న మాత్రం రోజుకో పేరు అనుకుంటున్నారు. గుడ్డ కత్తిరించే ముందు దానిమీద సుద్దతో ఆ పేరు రాసి, తల వంచి అటూ ఇటూ చూసి, నచ్చక దులిపేస్తున్నారు. మొన్న ఎవరిదో కోటు లోపలి వైపు ఒక పేరు దులపకుండానే వెళ్ళిపోయింది. ఆయన దగ్గు పూర్తిగా తగ్గింది. నా మోకాళ్ళ గురించి అడిగావు, వాటి సంగతి కింద వస్తుంది.

ఎప్పుడు బయలుదేరుతున్నావని ఒకే ఉత్తరంలో రెండు చోట్ల అడిగావు. మొదటిసారి మామూలుగా, రెండోసారి కింద గీత గీసి. గీత చూశాను తల్లీ. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కాకపోతే ముందు కాలేజీ కబుర్లు చెప్పనివ్వు. అవి లేకుండా ఆ జవాబు నీకు అర్థం కాదు.

మా యూనివర్సిటీకి ఒక అలవాటుంది. ఏటా ఒక మాట ఎంచుకుంటారు. ఆ ఏడంతా అదే మాట. లెక్కల వాళ్ళు, బొమ్మల వాళ్ళు, వైద్యం వాళ్ళు, నాటకాల వాళ్ళు, ఎవరి చదువులో ఆ మాట గురించి ఏముందో వాళ్ళు తవ్వి తీయాలి, ఉపన్యాసాలు పెట్టాలి, ఏడాది చివర అందరూ ఒక చోట చేరి చెప్పుకోవాలి. నేను చేరకముందు ఏడాది మాట 'నీడ' అట. దాని ముందు ఏడు 'చప్పుడు'. ఆ ఏడాది లైబ్రరీలో కూడా కచేరీ పెట్టారని, లైబ్రేరియన్ గారు ఇప్పటికీ కోలుకోలేదని చెప్పుకుంటారు. ఈ మాట ఎంచే సంఘానికి పెద్ద ఒక చరిత్ర ప్రొఫెసరు గారు. పిల్లలు ఆయనకు మాటల మాస్టారని పేరు పెట్టారు. మెత్తని మనిషి. దారిలో చీమ కనిపించినా ఆగి దారిచ్చే రకం.

ఈ ఏడాది ఆయన ఎంచిన మాట 'వయసు'.

నీకు నవ్వొస్తోందా? నాకూ మొదట్లో వచ్చింది. ఊరంత యూనివర్సిటీలో తల నెరిసిన విద్యార్థిని నేనొక్కదాన్నే. బస్సు డిపోలో డ్రైవరుగా రిటైరై, సంచీ తగిలించుకుని మొదటి ఏడాది పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నదాన్ని. అలాంటి చోట ఏడాది పొడుగునా వయసు గురించి మాట్లాడుకోవాలంటే ఎవరి మీద పడతారు? వైద్యం వాళ్ళు వచ్చి నా పిడికిట్లో ఏదో యంత్రం పెట్టి పిసకమన్నారు. మనస్తత్వ శాస్త్రం వాళ్ళు వస్తువుల పేర్లు చదివి, మళ్ళీ చెప్పమన్నారు. నాటకాల పిల్లలు నా వెనకాలే నడిచి నా నడక నేర్చుకున్నారు. వాళ్ళు నాకంటే బాగా కుంటుతారు. శిల్పాల వాళ్ళు నా చేతులు సున్నంలాంటి దానిలో ముంచి అచ్చు తీసుకున్నారు. సమాజ శాస్త్రం అమ్మాయి ఒకత్తి పక్కన కూర్చుని, మీకు ఒంటరితనం అనిపిస్తుందా అని మెల్లగా అడిగింది. మీరంతా కాస్త వదిలిపెడితే ఒకసారి రుచి చూడాలని ఉందమ్మా అన్నాను. అది కూడా రాసుకుంది.

అల్లుడు గారు ఫోనులో చూసిన ఫొటో కూడా ఆ సందట్లోదే. గేటు దగ్గర పెద్ద బోర్డు కట్టారు. చేతిలో సుత్తి పట్టుకుని, కొండ వైపు తిరిగి, నేను. కింద 'నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు' అని అక్షరాలు. రోజూ పొద్దున నా కిందనుంచే నేను లోపలికి వెళ్ళేదాన్ని. మొదట్లో సిగ్గేసేది. తర్వాత్తర్వాత, అబద్ధమెందుకు, కాస్త బాగానే ఉండేది. కూరగాయల దుకాణం ఆయన కూడా ఎంచి ఇవ్వడం మొదలుపెట్టాడు.

నన్ను మామూలు మనిషిగా చూసే చోటు మా భూగర్భశాస్త్రం గదులే. అక్కడ వయసు అంటే కోట్ల ఏళ్ళ లెక్క. మా మేడమ్ నీ ఈడుది. ఎండకు నల్లబడి, మోచేతుల మీద గీతలు పడి, జేబులో ఎప్పుడూ ఒక రాయితో తిరుగుతుంది. రాళ్ళ మేడమ్ అంటాం. మొదటి రోజే చెప్పింది, మా దగ్గర కోటి ఏళ్ళు దాటనివాళ్ళంతా పసిపిల్లలే, కాబట్టి ఎవరూ పెద్దరికం చూపించకండి అని. ఆ మాటకు ఆమె మీద నాకు గురి కుదిరింది. నేను ఈ చదువే ఎందుకు పట్టుకున్నానో నీకు తెలుసు. కొండ మలుపు దగ్గర నా బస్సు ఆగే చోట, రోడ్డు కోసం కొండను నిలువుగా కోసేశారు కదా. ఎరుపు, తెలుపు, బూడిద రంగు పొరలు, అన్నీ ఒకే వైపు వాలి ఉండేవి. బండి ఆపిన కాసేపూ వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరు వంచారు, ఎప్పుడు వంచారు అని కండక్టరును అడిగితే, కాంట్రాక్టరు అనేవాడు. అన్నేళ్ళూ కడుపులో ఉండిపోయిన ప్రశ్న అది.

ఇక అసలు సంగతి మొదలుపెడతాను. మా చదువులో అన్నిటికంటే పెద్ద పరీక్ష హాల్లో ఉండదు, కొండ మీద ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక ముక్క అప్పజెబుతారు. కొండంతా తిరిగి, ఎక్కడ ఏ రాయి ఉందో, దాని పొర ఏ దిక్కుకు ఎంత వాలి ఉందో కొలిచి, మ్యాపు గీసి ఇవ్వాలి. మోకాళ్ళ సంగతి అడిగావుగా, అవి ఆ కొండ ఎక్కాయి. మెల్లగా ఎక్కాయి, తిట్టుకుంటూ ఎక్కాయి, అయినా ఎక్కాయి. నాతో చదివే పొడుగమ్మాయి ముందే పైకి చేరి, రాతి మీద కూర్చుని ఈల వేస్తూ నన్ను చూసింది. నేను ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఎక్కేటప్పుడు తూర్పు వాలు, దిగేటప్పుడు పడమటి వాలు, రెండు దారుల్లోనూ ప్రతి పొర దగ్గరా ఆగాను. అన్నీ రాసుకున్నాను. ఇంటికొచ్చి, మీ నాన్న గుడ్డలు కత్తిరించే బల్ల ఖాళీ చేయించి, రంగు పెన్సిళ్ళతో మ్యాపు గీశాను. పొరలన్నీ రెండు వైపులనుంచీ వచ్చి మధ్యలో కలుసుకుని, కొండ కొండంతా ముడుచుకున్నట్టు వచ్చింది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. మీ నాన్న అయితే చొక్కా కాలరు మడత లాగుందన్నారు.

రాళ్ళ మేడమ్ దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళద్దాలు తీసి నా వైపు తిరిగింది.

"అమ్మా, మీ కొండ చాలా బాగుంది. కానీ అలాంటిది ఈ భూమ్మీద లేదు."

నవ్వకుండా అంది. నేను కూడా నవ్వలేదు. ఏం జరిగిందో ఆమే విప్పి చూపించింది. దిక్సూచి చేతిలో ఉంది, ఉన్నా నేను వాలు రాసుకున్నది ఎడమకు, కుడికి అని. బస్సులో దిక్కులుండవు తల్లీ. ఎడమ, కుడి, ఆపు, పోనీ, అంతే. కళ్ళద్దాలు చెమటకు జారుతుంటే, ముందు ఎడమో కుడో రాసేసుకుందాం, దిక్కులు ఇంటికెళ్ళి మార్చుకుందాం అనుకున్నాను. ఎక్కేటప్పుడు నా మొహం ఉత్తరానికి ఉంది, ఎడమంటే పడమర. దిగేటప్పుడు నా మొహం దక్షిణానికి తిరిగింది, అదే పడమర కుడి అయిపోయింది. ఇంట్లో కూర్చుని మార్చేటప్పుడు మాత్రం నేను కొండ ఎక్కుతూనే ఉన్నాననుకున్నాను. సగం కొండ తలకిందులైంది. నిజానికి ఆ కొండలో పొరలన్నీ బుద్ధిగా ఒకే వైపు వాలి ఉన్నాయి, నా మలుపు దగ్గరి వాటిలాగే. ముడత నా బుర్రలో ఉంది.

తప్పాను. అంటే పరీక్ష తప్పాను. గట్టిగా రాయడానికి ఇంతసేపు పట్టింది. పిల్లలు ఇద్దరు ముగ్గురు తప్పారు, వాళ్ళకు తలనొప్పులూ జ్వరాలూ ఉన్నాయి. నాకు ఏ సాకూ లేదు. మళ్ళీ ఒక అవకాశం ఇస్తారు, వేరే కొండ మీద, వేసవి చివర, వానలు మొదలయ్యే ముందు వేసే క్యాంపులో. అప్పుడు కూడా తప్పినా, అసలు వెళ్ళకపోయినా కోర్సులోంచి పేరు తీసేస్తారు. అది అందరికీ ఉన్న నియమమే.

ఆ క్యాంపు తేదీలు బోర్డు మీద చూసి, మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. నీ కాన్పుకు డాక్టరమ్మ చెప్పిన వారమే అది.

నీకు ఫోను చేద్దామని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో. చేయలేకపోయాను. ఏమని చెప్పను? అలా నలిగిపోతుండగా మాటల మాస్టారు నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి కుర్చీ లాగి వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. సంఘం కూర్చుని ఒక తీర్మానం చేసిందట. ఈ ఏడాది మాట వయసు కాబట్టి, దాన్ని ఉపన్యాసాలతో సరిపెట్టకుండా ఒక మంచి పని చేద్దామనుకున్నారట. వయసు మళ్ళిన విద్యార్థులకు కొండ పరీక్ష నుంచి సడలింపు. దాని మార్కులు అడగకుండానే ఇచ్చేస్తారు. ముగింపు సభలో నన్ను వేదిక మీదికి పిలిచి, ఈ సంగతి అందరి ముందూ ప్రకటించి, శాలువా లాంటిది కప్పుతారు. వయసు మళ్ళిన విద్యార్థులు అంటే మిగతావాళ్ళెవరండీ అని అడిగాను. ప్రస్తుతానికి మీరే అన్నారు.

తల్లీ, దాచకుండా చెబుతాను. ఆ క్షణాన నాకు కనిపించింది శాలువా కాదు, నువ్వు. కొండ ఎక్కక్కర్లేదు, క్యాంపుకు వెళ్ళక్కర్లేదు, చదువు పోదు, నీ మంచం పక్కన నేనుంటాను. అడగని వరం. పైగా ఎవరికీ నష్టం లేదు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను గానీ, దారిలో ఆలోచించిందేమీ లేదు. ఇంటికి రాగానే అటక మీది పెట్టె దింపించాను. నీకోసం తీసి ఉంచిన మెత్తని పాత చీరలు అందులో సర్దాను.

మీ నాన్న మిషను ఆపి అంతా విన్నారు. ఆయనకు సంతోషమే అయింది, మొహంలో తెలిసిపోయింది. అయినా ఒక్క మాట అడిగారు.

"డ్రైవరు గారూ, వాళ్ళు నిన్ను పాస్ చేస్తామంటున్నారా, పంపించేస్తామంటున్నారా?"

నాకు ఒళ్ళు మండింది. మీకేం తెలుసని కసిరాను. ఆయన సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నారు. ఆయన పద్ధతే అంత, చిన్న గుండుసూది గుచ్చి ఊరుకుంటారు, అది ఎక్కడ గుచ్చుకుందో మనమే వెతుక్కోవాలి.

వెతుక్కున్నాను. నాకు పెద్ద బండి లైసెన్సు పరీక్ష గుర్తొచ్చింది. కొండ దారిలో, మలుపులో, బండిని వెనక్కి నడపాలి. పరీక్ష పెట్టే ఆఫీసరు మర్యాదస్తుడు. ఆడమనిషివి, ఆ ఒక్కటీ వదిలేస్తాలే, సంతకం పెట్టేస్తాను అన్నాడు. వద్దండీ అని మొండికేసి, ఎండలో నిలబడి, నా వంతు వచ్చాక వెనక్కి నడిపి చూపించాను. ఆ తర్వాత నిండు జనంతో అదే కొండ మీద, ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా వెనక్కి తీశాను. ఆఫీసరు వదిలేస్తే వదిలేస్తాడు, కొండ వదిలిపెడుతుందా?

మర్నాడు మాస్టారి గదికి వెళ్ళాను. ఈ సడలింపు నాకు వద్దండీ అన్నాను. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. ఇది దయ కాదమ్మా, గౌరవం అన్నారు. కాళ్ళు రాని పిల్లలు ఎంతమందో ఇలాంటి సడలింపు కోసం అడుగుతుంటే ఇవ్వలేకపోతున్నామనీ, మీ పేరుతో అయినా మొదలవుతుందనుకున్నామనీ చెప్పారు. ఆ మాట నన్ను ఆపింది. న్యాయమైన మాట. దానికి జవాబు చెప్పాను.

"కాళ్ళు రానివాళ్ళకు తప్పకుండా ఇవ్వండి, దానికి నేనూ వచ్చి అడుగుతాను. నాకు కాళ్ళున్నాయి సార్, రానిది దిక్కులు. అవి వయసు వల్ల రాకపోలేదు, నేర్చుకోక రాలేదు. నేర్చుకోనివ్వండి."

"మళ్ళీ తప్పితే ఏం చేస్తారమ్మా?" అన్నారు.

"తప్పినదాన్నవుతాను. అది కూడా విద్యార్థులకు జరిగేదే కదా."

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. గేటు దగ్గర నా బొమ్మ కూడా దింపించమన్నాను, పాసయ్యాక మీ ఇష్టం, అప్పటిదాకా దాని కిందనుంచి నడవలేను అన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు చూద్దును కదా, మాస్టారే కుర్చీ ఎక్కి తాళ్ళు విప్పుతున్నారు. వాచ్‌మన్ కింద కుర్చీ పట్టుకున్నాడు. ఇద్దరికీ ముడి రాలేదు, చివరికి నేనే కోశాను.

ఈ సంగతి యూనివర్సిటీలో రకరకాలుగా తిరిగింది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అని కొందరన్నారు. పిల్లల్లో కొందరు నా మీద విసుక్కున్నారు కూడా, ఊరికే వస్తున్న మార్కులు కాదనే మనిషిని వాళ్ళు ఎక్కడా చూడలేదు. రాళ్ళ మేడమ్ మాత్రం క్యాంపు జాబితాలో నా పేరు ఎక్కించి, ఈసారి టోపీ తెచ్చుకోండి అంది. అంతే. ఆ అంతే అన్నది నాకు ఎంత బలమిచ్చిందో.

ఇప్పుడు నా బతుకంతా దిక్కులే. పొద్దున నడకకు దిక్సూచి పట్టుకుని వెళుతున్నాను. లైబ్రరీ మెట్లు తూర్పుకు, క్యాంటీను వాలు నైరుతికి, హాస్టలు గోడ పగులు ఉత్తరం నుంచి కాస్త పక్కకు. మనిషి ఎటు తిరిగితే అటు మారిపోయేవి ఎడమా కుడీ, కొండకు అవి లేవు. అది తలకెక్కించుకోవడానికి ఇంత వయసు పట్టింది. పొడుగమ్మాయి నాకు కాపలా. ఎడమ అనే మాట నోట్లోంచి వస్తే చాలు, ఆమెకు టీ తాగించాలి. ఆ పిల్ల నా పుణ్యమా అని ఈమధ్య బాగా టీ తాగింది. ఇంట్లో కూడా అదే వరస. మొన్న మీ నాన్న కత్తెర ఎక్కడని అడిగితే, మీకు వాయవ్యంలో అన్నాను. ఆయన ముందు ఆకాశం వైపు చూశారు.

ఇక నువ్వు గీత గీసిన ప్రశ్నకు జవాబు.

ఆ వారం నేను రాను. రాలేకపోతున్నాను అని రాద్దామనుకున్నాను, అది అబద్ధం. రాగలిగి ఉండి రావడం లేదు. వచ్చే దారి చేతిలో పెడితే వద్దని వచ్చాను. ఇది నీకు వేరే ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలని ఈ ఉత్తరం. నీకు కోపం వస్తుంది, రానీ. ఏడుపు కూడా వస్తుందేమో. అది తలుచుకుంటేనే ఈ కాగితం మీద రెండు చోట్ల సిరా అలుక్కుపోయింది, చూసే ఉంటావు.

నువ్వు అనే మాటలు నాకు తెలుసు. పరీక్ష ఎక్కడికి పోతుందమ్మా, నా మొదటి కాన్పు మళ్ళీ వస్తుందా అంటావు. రాదు. పరీక్ష కూడా రాదు. రెండూ ఒక్కసారి వచ్చేవే, రెండూ ఒకే వారం పడ్డాయి. నీ దగ్గర నిన్ను చూసుకునే డాక్టరమ్మ ఉంది, నీ చెయ్యి పట్టుకునే భర్త ఉన్నాడు, మీ నాన్న వస్తున్నారు. నా కొండ దగ్గర నా బదులు ఎవరూ లేరు. అలాగని నువ్వు నాకు తక్కువని కాదు, ఆ మాట మాత్రం అనుకోవద్దు. నిన్ను తలుచుకోకుండా నాకు ఒక్క పూట గడవడం లేదు. శాలువా కప్పించుకుని వచ్చి నీ పక్కన కూర్చుంటే, నీకు సగం అమ్మే దక్కుతుంది. మిగతా సగం తనను పరీక్ష లేకుండా ఎందుకు వదిలేశారా అని గోడకేసి చూస్తూ ఉంటుంది. నీకు నొప్పులొచ్చే వేళ అలాంటి మనిషి పక్కన ఉండకూడదు.

మీ నాన్న వచ్చే వారమే బయలుదేరుతున్నారు. కొట్టు మూసి, తలుపు మీద చీటీ కూడా అంటించారు, 'తాతనవుతున్నాను, కుట్లు తర్వాత' అని. మగవాడు వచ్చి ఏం చేస్తాడని అల్లుడు గారి వైపు వాళ్ళు ఎవరైనా అంటే నువ్వే చెప్పు. నీ చిన్నప్పుడు తెల్లవారుజామున మొదటి బస్సు నాది. నేను డిపోకు వెళ్ళిపోతే నీకు స్నానం చేయించిందీ, జడ వేసిందీ, ఒంట్లో బాగోలేనప్పుడు రాత్రంతా భుజాన వేసుకుని తిప్పిందీ ఆయనే. పసిబిడ్డను ఎత్తుకోవడం నాకంటే ఆయనకే బాగా వచ్చు. నేను ఎత్తుకుంటే నువ్వు స్టీరింగులా బిగుసుకుపోయేదానివి. పాత చీరల పెట్టె ఆయనతోనే పంపుతున్నాను. ఆయన అప్పుడే వాటి అంచులు మడిచి కుట్టేశారు, బిడ్డకు గరుకు తగలకుండా.

క్యాంపు అయిన రోజునే, మ్యాపు మేడమ్ చేతికిచ్చి, కొండ కిందనుంచే నీ దగ్గరికి బండెక్కుతాను. బట్టలు మార్చుకోవడానికి కూడా ఇంటికి రాను. బూట్ల నిండా మట్టితో వస్తాను, గుమ్మం దగ్గరే విప్పేస్తానని అల్లుడు గారికి చెప్పు. ఆ తర్వాత నువ్వు పొమ్మనేదాకా ఉంటాను. బిడ్డ ఆగి నాకోసం చూస్తే సంతోషం. ఆగకపోతే, తన పని తాను చూసుకుంది, మా వంశమే అనుకుంటాను.

పొరపాటున ఈసారీ తప్పితే, ఆ మట్టి బూట్లతోనే, పేరు తీసేసినదాన్నిగా వస్తాను. అప్పుడు నువ్వు నన్ను ఓదార్చాల్సి వస్తుంది, కాస్త ఓపిక దాచిపెట్టుకో. కానీ నేను తప్పడానికి వెళ్ళడం లేదు.

అమ్మాయ్, ఒక్కటే అడుగుతున్నాను. బిడ్డకు మాటలొచ్చాక, నేను పుట్టినప్పుడు అమ్మమ్మ ఎక్కడుంది అని ఎప్పుడో ఒకప్పుడు అడక్క మానదు. నన్ను కాపాడాలని అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదనో, బండి దొరకలేదనో చెప్పకు. నీకు అప్పటికీ కోపం పోకపోతే కోపంగానే చెప్పు, ఫరవాలేదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పు. అమ్మమ్మ ఆ రోజు కొండ మీద ఉంది, పరీక్ష రాస్తోంది అని చెప్పు.

ఇట్లు,
నీకోసం బెంగపెట్టుకుంటూనే కొండెక్కుతున్న
మీ అమ్మ